కొద్దిపాటి సేవింగ్స్‌తో చిన్న వ్యాపారం: షాపా, సర్వీసా, ఫ్రాంచైజీయా?

గోడౌన్‌మనిషి:

అందరికీ నమస్తే. ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర గోడౌన్ స్టాక్ చూసుకునే ఉద్యోగం నాది, చాలా ఏళ్ళ నుంచి అదే పని. సరుకు లోపలికి రావడం, బయటికి పోవడం, బిల్లులు, రిటర్న్‌లు, ఎవడు ఎప్పుడు డబ్బు కడతాడు ఎవడు ఏడిపిస్తాడు, ఇవన్నీ బాగానే తెలుసు. ఇప్పుడు సొంతంగా ఏదైనా మొదలుపెడదామని గట్టిగా అనుకుంటున్నా. నా సేవింగ్స్ ఎంతంటే, ప్రస్తుతం ఇంట్లో అయ్యే ఖర్చు ప్రకారం చూస్తే జీతం లేకపోయినా ఏడాదిన్నర గడిచేంత ఉంది, అంతకు మించి లేదు. అప్పులు లేవు, చేసే ఉద్దేశం కూడా లేదు.

మూడు ఆలోచనలు ఉన్నాయి. ఒకటి స్టేషనరీ, జిరాక్స్, ప్రింటింగ్ కలిపి ఒక షాపు. రెండోది మా తమ్ముడు ఫ్రిజ్‌లు వాషింగ్ మెషిన్లు ఏసీలు రిపేర్ చేసే టెక్నీషియన్, ఇప్పుడు వేరే వాళ్ళ కింద చేస్తున్నాడు, వాడు పని చేస్తే నేను ఆర్డర్లు స్పేర్ పార్ట్స్ బిల్లింగ్ చూసుకుంటూ ఒక సర్వీస్ సెంటర్ లాంటిది. మూడోది ఒక కంపెనీ ఫ్రాంచైజీ, అంటే ఫీజు కట్టి వాళ్ళ పేరు మీద మనం నడుపుకోవడం, వాళ్ళు అంతా మేమే సెట్ చేసి ఇస్తాం, 18 నెలల్లో పెట్టుబడి మొత్తం తిరిగొస్తుంది అంటున్నారు.

ఏది మంచిదని ఒక్క మాటలో చెప్పమనట్లేదు, మీరైతే దేన్ని చూసి ఎంచుకుంటారో చెప్పండి. ఇంట్లో వాళ్ళు షాపే నయం, కళ్ళ ముందు కనిపిస్తుంది అంటున్నారు. ఉద్యోగం ఎప్పుడు మానేయాలో కూడా తెలియట్లేదు.

చిల్లరలెక్క:

బ్రదర్, మీరు స్టాక్ చూసుకున్న మనిషి కాబట్టి మీకు ఈ లెక్క వెంటనే అర్థమవుతది. ఏ వ్యాపారం అన్నది తర్వాత, మీరు పెట్టిన డబ్బు ఏడాదిలో ఎన్నిసార్లు తిరిగి చేతికొస్తదో ముందు అది చూడండి. 100 పెట్టి సరుకు కొన్నారు, అమ్మితే 10 మిగిలింది, కానీ నెల తిరిగేలోపు అమ్ముడుపోయి మళ్ళీ అదే 100తో సరుకు తెచ్చారు అంటే ఏడాదికి 12 రొటేషన్లు, 120 మిగులు. ఇంకో సరుకు ఉంది, అమ్మితే 30 మిగులుతది, నోరూరించే మార్జిన్, కానీ ఏడాదికి రెండుసార్లే తిరుగుతది, అంటే 60. చాలామంది ఈ రెండోదాన్ని చూసే మోసపోతారు. డబ్బు ఎక్కువ ఉన్నోడికి రొటేషన్ లేటైనా నడుస్తది, తక్కువ సేవింగ్స్‌తో దిగేవాడికి మాత్రం రొటేషనే ప్రాణం, ఎందుకంటే డబ్బంతా సరుకులో ఇరుక్కుపోతే అద్దె కట్టడానికి చేతిలో ఏమీ ఉండదు, కాగితం మీద లాభం కనిపిస్తూనే షాపు మూతపడతది.

రెండోది, లాభం నష్టం రెండూ లేని సున్నా ఎక్కడో కనుక్కోండి. అద్దె, కరెంటు, ఇంటర్నెట్, హెల్పర్ జీతం, మెషిన్ల అరుగుదల, వీటితో పాటు మీ జీతం కూడా వెయ్యాలి, ఇది దాదాపు ఎవ్వరూ వెయ్యరు, రోజంతా షాపులో కూర్చుని నెలాఖరుకి కొంచెం మిగిలితే లాభం అనుకుంటారు, ఉద్యోగంలో వచ్చే జీతం పోయిన సంగతి లెక్కలోకి రాదు. ఇవన్నీ కలిపి నెలకి 100 అనుకోండి. అమ్మిన ప్రతి 100లో సరుకు ఖరీదు పోను 25 మిగులుతుంటే, నెలకి 400 అమ్మితేగానీ సున్నా దగ్గరికి రారు. నెలలో 25 రోజులు తెరిస్తే రోజుకి 16 అమ్మాలి. సగటున ఒక్కో కస్టమర్ ఎంత కొంటాడో దాంతో భాగిస్తే రోజుకి ఎంతమంది కావాలో వస్తది. ఆ నంబర్ పట్టుకుని మీరు అనుకున్న ఏరియాలో అలాంటి షాపు ఎదురుగా నిలబడి చూడండి, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి, సెలవు రోజు ఒకసారి. లోపలికి ఎంతమంది పోతున్నారని కాదు, చేతిలో ఏదో పట్టుకుని ఎంతమంది బయటికొస్తున్నారు అన్నది లెక్కపెట్టాలి.

ఇక్కడ ఒక తప్పు చాలా మంది చేస్తారు. 100కి కొని 125కి అమ్ముతున్నాం కాబట్టి 25 శాతం మార్జిన్ అంటారు. కొన్న ధర మీద అది 25, అమ్మిన ధర మీద చూస్తే 20 మాత్రమే. 25 బదులు 20 పెట్టి పైన లెక్క మళ్ళీ వెయ్యండి, 400 కాస్తా 500 అయిపోతది. అదే అద్దె, అదే షాపు, కానీ కస్టమర్లు పావు వంతు ఎక్కువ కావాలి.

సూదీదారం:

నేను సర్వీస్ పని చేసే మనిషిని (కుట్టుపని, ఆర్డర్ల మీద), కాబట్టి నా ఓటు రిపేర్ సర్వీస్‌కే. ఎందుకో చెప్తా. సర్వీస్‌లో సరుకు కొని పెట్టుకోనక్కర్లేదు, పని అయిన రోజే డబ్బు చేతిలో పడుతుంది, పైన అన్న రొటేషన్ గొడవే ఉండదు దాదాపు. పనిముట్లు కొనాలి, ఒక బండి ఉండాలి, ఒక ఫోన్ నంబర్. మెయిన్ రోడ్డు మీద షాపు అక్కర్లేదు ఎందుకంటే ఫ్రిజ్‌ని ఎవరూ మోసుకురారు, మనమే వాళ్ళింటికి వెళ్తాం. అద్దె లేకపోవడం ఎంత పెద్ద విషయమో మొదటి ఏడాదిలో తెలుస్తుంది, గిరాకీ లేని నెల కూడా తట్టుకుని నిలబడొచ్చు.

కానీ ఊరికే వచ్చే డబ్బు కాదు. రోజుకి 8 గంటలు పని చేస్తే అందులో బిల్లు వేయగలిగేది సగం, మహా అయితే సగం కంటే కొంచెం ఎక్కువ, మిగతాదంతా తిరగడం, పార్ట్ కోసం వెళ్ళడం, ఫోన్లు ఎత్తడం, పోయిన వారం చేసిందే మళ్ళీ పాడైందని పిలిస్తే ఫ్రీగా వెళ్ళి చూడడం. రేటు పెట్టేటప్పుడు 8 గంటలతో భాగించి పెడితే మునిగిపోతారు, బిల్లయ్యే గంటలతోనే భాగించాలి. పార్ట్ ఖరీదైనదైతే ముందే అడ్వాన్స్ తీసుకుని ఆర్డర్ పెట్టండి, మొహమాటపడకండి. మా దగ్గర కూడా గుడ్డ కొనాల్సిన ఆర్డర్ అయితే అడ్వాన్స్ లేకుండా కత్తెర పట్టం, అడిగితే మంచి కస్టమర్ ఎవరూ బాధపడరు.

ఇంకోటి, తమ్ముడితో ఇప్పుడే అన్నీ మాట్లాడుకుని కాగితం మీద రాసుకోండి. తమ్ముడు కదా రాసుకోవడమేంటి అనిపిస్తుంది, తమ్ముడు కాబట్టే రాసుకోవాలి. వాడి చేతిపనికి నెలకి ఎంత, మీ పనికి ఎంత, ఆ రెండూ పోయాక మిగిలిన లాభంలో ఎవరి వాటా ఎంత, మీ డబ్బు కాబట్టి పెట్టుబడి ముందు మీకు తిరిగి రావాలా, వాడికి వేరే ఉద్యోగం వస్తే ఏంటి, ఇద్దరిలో ఒకరికి ఒంట్లో బాగోకపోతే ఏంటి. డబ్బు రాని రోజుల్లో గొడవలు తక్కువే ఉంటాయి, బాగా వస్తున్నప్పుడే ఎక్కువ అవుతాయి, ఇది నేను చాలా ఇళ్ళల్లో చూశా.

కాగితంబండిల్:

అందరూ షాపుని తీసిపారేస్తున్నారు కాబట్టి అటువైపు నేను మాట్లాడతా. సర్వీస్ అంటే ఒక్క మనిషి చేతిమీద నడిచేది. తమ్ముడికి జ్వరం వస్తే ఆ వారం ఆదాయం సున్నా. ఇంకో టెక్నీషియన్‌ని పెట్టుకుంటే పని నేర్చుకుని, కస్టమర్ల నంబర్లు పట్టుకుని వెళ్ళిపోయి సొంతంగా పెట్టుకుంటాడు (అతన్నీ తప్పుపట్టలేం, ఇప్పుడు మీ తమ్ముడు చేయబోయేది కూడా అదే కదా). షాపు అలా కాదు, మీరు లేకపోయినా ఎవరో ఒకరు కౌంటర్‌లో కూర్చోవచ్చు, సరుకు అమ్ముడవుతూనే ఉంటుంది, రేపు వద్దనుకుంటే సరుకు, మెషిన్లు, కస్టమర్లతో సహా ఇంకొకరికి అమ్మేయొచ్చు. సర్వీస్‌ని అలా అమ్మడం చాలా కష్టం.

జిరాక్స్ సంగతి నాకు బాగా తెలుసు కాబట్టి చెప్తున్నా, ఒక పేజీ రెండు పేజీలు తీయించుకునే వాళ్ళ మీద షాపు నడవదు, ఇప్పుడు సగం పనులు ఫోన్‌లోనే అయిపోతున్నాయి. బల్క్ ఉంటేనే నడుస్తుంది, అంటే ప్రాజెక్ట్ రిపోర్టులు, స్పైరల్ బైండింగ్, చిన్న ఆఫీసుల బిల్ బుక్కులు, కోచింగ్ మెటీరియల్ లాంటివి. మెషిన్ కొత్తది కొనొద్దు. కొన్నిచోట్ల నెల అద్దెకి ఇస్తారు, లేదా పేజీకి ఇంత అని తీసుకుని టోనర్ (ఇంకు పొడి), రిపేర్ వాళ్ళే చూసుకునే పద్ధతి ఉంటుంది, మొదట్లో అదే మంచిది, పెద్ద ఖర్చు నెత్తిన పడదు. పేజీ ఖర్చు అంటే కాగితం టోనర్ మాత్రమే అనుకుంటారు, మెషిన్ లోపలుండే డ్రమ్, ఫ్యూజర్ అనే పార్టులు కూడా ఇన్ని వేల పేజీలకి అని అరిగిపోయేవే, అవి కూడా పేజీకి పంచి వేసుకోవాలి. కాగితం నేల మీద పెట్టకండి, చెమ్మ తగిలితే వంకర తిరిగి మెషిన్‌లో ఇరుక్కుంటుంది, రద్దీ టైమ్‌లో ఆ జామ్ తీస్తూ కూర్చుంటే కస్టమర్ పక్క షాపుకి పోతాడు.

డిస్కౌంట్ల జోలికి మాత్రం పోవద్దు. పక్క షాపు వాడు తగ్గించాడని మనమూ 10 శాతం తగ్గిస్తాం. 100కి అమ్మేదాంట్లో 30 మిగులుతుండేది, ఇప్పుడు 90కి అమ్మితే 20. మునుపటి అంత మిగలాలంటే సరుకు ఒకటిన్నర రెట్లు అమ్మాలి. 10 శాతం తగ్గించినందుకు 50 శాతం ఎక్కువ కస్టమర్లు వస్తారా? రారు.

గోడౌన్‌మనిషి:

ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్ అండి అందరికీ. చిల్లరలెక్క గారూ, మీరు చెప్పినట్టు స్టేషనరీ షాపుకి లెక్క వేసి చూశా, నా జీతం కూడా కలిపితే రోజుకి రావాల్సిన కస్టమర్ల సంఖ్య నేను ఊహించిన దానికి దాదాపు రెట్టింపు వచ్చింది, జీతం కలపకపోతే ఎంతో ఈజీగా కనిపించింది. సూదీదారం అక్కా, తమ్ముడితో ఈ ఆదివారం కూర్చుంటా. ఫ్రాంచైజీ గురించి ఎవరూ చెప్పలేదు, వాళ్ళు రోజూ ఫోన్ చేస్తున్నారు, ఈ నెలలోపు సైన్ చేస్తే ఫీజు తగ్గిస్తాం అంటున్నారు. ఇంకో డౌట్, ఆఫీసులకి సరుకు ఇస్తే నెలాఖరుకి కడతాం అంటారు కదా, ఆ అరువు ఎంతవరకు ఇవ్వొచ్చు?

నిదానం:

ఈ నెలలోపు సైన్ చెయ్యమని తొందరపెడుతున్నారంటే అదొక్కటి చాలు కొంచెం ఆగడానికి. ఫ్రాంచైజీలన్నీ చెడ్డవని కాదు, బాగా నడిచేవి ఉన్నాయి, కానీ చదవాల్సింది బ్రోషర్ కాదు, అగ్రిమెంట్. రాయల్టీ, అంటే వాళ్ళ పేరు వాడుకున్నందుకు కంపెనీకి కడుతూ ఉండే వాటా, లాభం మీదా, అమ్మకాల మీదా? ఎక్కువగా అమ్మకాల మీదే ఉంటుంది. 6 శాతం అంటే చిన్నగా కనిపిస్తుంది, కానీ రాయల్టీ కట్టకముందు మీ మిగులు అమ్మకాల్లో 12 శాతం అనుకుంటే మీ లాభంలో సగం వాళ్ళకి పోయినట్టే, పైగా మీకు నష్టం వచ్చిన నెలలో కూడా అది కట్టాల్సిందే. యాడ్స్ ఫీజు వేరేగా ఉందా, సరుకు వాళ్ళ దగ్గరే కొనాలా, ఆ రేటు బయట మార్కెట్‌తో పోలిస్తే ఎంత, మీకు దగ్గర్లోనే ఇంకొకరికి ఇవ్వకుండా ఏరియా రాసిస్తారా, కొన్నేళ్ళకి షాపు లుక్ మార్చమంటే ఖర్చు ఎవరిది, మధ్యలో మానేస్తే అదే వ్యాపారం సొంతంగా చేసుకోనిస్తారా, ఇవన్నీ అందులోనే ఉంటాయి.

18 నెలల మాట ఎలా వచ్చిందో రాతపూర్వకంగా అడగండి. అందులో మీ జీతం తీశారా లేదా, మూతపడిన బ్రాంచీలు కూడా ఆ సగటులో ఉన్నాయా లేక నడుస్తున్నవే చూపిస్తున్నారా. అమెరికాలో అయితే సైన్ చేయడానికో డబ్బు తీసుకోవడానికో కనీసం 14 రోజుల ముందు కంపెనీ అన్ని వివరాల డాక్యుమెంట్ చేతికివ్వాలని రూల్ ఉంది, గత ఏడాదిలో వదిలేసి వెళ్ళిన వాళ్ళతో మాట్లాడటానికి వాళ్ళ వివరాలు కూడా అందులో ఉండాలి. మీరున్న చోట అలాంటి రూల్ ఉన్నా లేకపోయినా అదే అడగండి, వదిలేసిన వాళ్ళ నంబర్లు ఇవ్వండి అని. ఇవ్వం అంటే ఇంక ఆ ఫోన్లు ఎత్తక్కర్లేదు.

అరువు గురించి. అమ్మకంలో మీ మార్జిన్ 20 శాతం అయితే, ఒక్క బాకీ మునిగితే ఆ సరుకు మీద పెట్టిన డబ్బు రాబట్టుకోవడానికే అంతంత అమ్మకాలు ఇంకో 4 చేయాలి, ఆ నాలుగింట్లో మీకు మిగిలేది ఏమీ ఉండదు. కాబట్టి మొదటి ఆర్డర్ ఎవరికైనా క్యాష్, తర్వాత చిన్న లిమిట్, పాత బిల్లు కట్టాకే కొత్త సరుకు. మీరు గోడౌన్‌లో ఉన్నారు కాబట్టి ఎవరు ఎప్పుడు కడతారో మీకు ఇప్పటికే తెలుసు, అది మీ దగ్గరున్న పెద్ద ఆస్తి, కొత్తవాళ్ళకి అది దొరకదు.

దారిదీపం:

నేను ఇంకో వైపు నుంచి చెప్తాను. సరస్ సరస్వతి అని ఒక ప్రొఫెసర్, అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీలో చెప్తారు. ఆవిడ బాగా అనుభవం ఉన్న 27 మంది వ్యాపారస్తుల్ని తీసుకుని అందరికీ ఒకే ఊహాత్మక ప్రోడక్ట్ ఇచ్చి, దీంతో వ్యాపారం ఎలా కడతారో పైకి మాట్లాడుతూ ఆలోచించమన్నారు. 2001లో దాని మీద ఆవిడ రాసిన పేపర్ బాగా పేరు తెచ్చుకుంది. అందులో నాకు నచ్చింది ఏంటంటే, ఆ అనుభవజ్ఞులు ఎంత లాభం వస్తుందని మొదలుపెట్టరు, ఎంత పోయినా తట్టుకోగలను అని మొదలుపెడతారు. నా చేతిలో ఏముంది, నాకు ఏం వచ్చు, నాకు ఎవరు తెలుసు అని చూసుకుంటారు, అక్కడి నుంచి వ్యాపారం ఆకారం తీసుకుంటుంది.

అలా చూస్తే మీ సంగతి చాలా క్లియర్‌గా ఉందండి. మీకు స్టాక్ వచ్చు, మీ తమ్ముడికి పని వచ్చు, రిటైల్ షాపుల వాళ్ళు తెలుసు. ఏడాదిన్నరకి సరిపడా డబ్బులో ఇంటి ఖర్చుకి కనీసం ఆరేడు నెలలది పక్కన పెట్టి మర్చిపోండి. మిగిలిన దాంట్లో కూడా సగమే మొదట తీయండి. ఆ సగం మొత్తం పోయినా రాత్రి నిద్ర పడుతుందా అని భార్యాభర్తలిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి, పడుతుంది అంటే అదే మీ పెట్టుబడి, అంతకు మించి ఏ ఆలోచన ఎంత బాగున్నా తీయొద్దు. అమెరికా లేబర్ స్టాటిస్టిక్స్ బ్యూరో లెక్కల్లో కొత్తగా తెరిచిన వ్యాపారాల్లో దాదాపు ఐదింట ఒకటి మొదటి ఏడాదిలోనే మూతపడతాయి, ఐదేళ్ళకి దాదాపు సగం ఉండవు. భయపెట్టడానికి కాదు, మూసినవాళ్ళందరూ నష్టపోయి మూయలేదు కూడా, కానీ మొదటిది కుదరకపోతే రెండోది మొదలుపెట్టడానికి డబ్బు మిగిలుండాలి కదా.

ఉద్యోగం ఇప్పుడే మానొద్దు. తమ్ముడు సెలవు రోజుల్లో కొన్ని రిపేర్లు తీసుకోనీ, మీరు సాయంత్రాలు ఫోన్, బిల్లింగ్ చూడండి. ఇద్దరూ ఇప్పుడు పని చేస్తున్న చోట కాంట్రాక్ట్‌లో అడ్డేమీ లేదని ముందు చూసుకోండి, ఆ యజమాని కస్టమర్లని మాత్రం ముట్టుకోవద్దు, మాట పోతే ఈ లైన్‌లో ఎవరూ పని ఇవ్వరు. గ్యాస్, కరెంటు పనికి చాలా చోట్ల సర్టిఫికెట్ ఉండాలి, అది కూడా కనుక్కోండి. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో చల్లదనం కోసం వాడే ఆర్-600ఏ గ్యాస్ మండుతుంది, పాత అలవాటులో మంట వచ్చే టార్చ్ పెట్టి వెల్డింగ్ చేస్తే ప్రాణాల మీదకి వస్తుంది. ఒకరింట్లో పని చేస్తున్నప్పుడు ఏదైనా జరిగితే కవర్ అయ్యే ఇన్సూరెన్స్ మొదటి నెల నుంచే తీసుకోండి, దానికి మాత్రం పిసినారితనం వద్దు.

గోడౌన్‌మనిషి:

తమ్ముడితో మాట్లాడా. వాడే ముందు అడిగాడు, అన్నయ్యా లాభం ఎలా పంచుకుందాం అని, నేను ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తుంటే. వాడి పనికి ఒక రేటు, నా పనికి ఒక రేటు, మిగిలింది పెట్టుబడి తిరిగొచ్చేదాకా ముట్టుకోకుండా, తర్వాత సగం సగం. రాసుకుని ఇద్దరం సంతకం పెట్టాం, మా ఆవిడ, మరదలు కూడా చదివారు. వాడి ఉద్యోగ కాంట్రాక్ట్‌లో సొంత పని చేయకూడదని ఉందట, అందుకని వాడు నోటీస్ ఇచ్చి బయటికి వస్తాడు, వాడి నెల ఖర్చుకి కావాల్సింది నా పెట్టుబడిలో నుంచే వెళ్తుంది కొన్నాళ్ళు, నేను మాత్రం ఉద్యోగంలోనే ఉంటా. ఫ్రాంచైజీ వాళ్ళని వదిలేసిన వాళ్ళ నంబర్లు అడిగితే అలాంటివి కంపెనీ పాలసీ ఒప్పుకోదు అన్నారు, సరే అని వద్దని చెప్పేశా. షాపు ఆలోచన పూర్తిగా మానలేదు, స్పేర్ పార్ట్స్ అమ్మకం వైపు తర్వాత చూద్దామని ఉంది, మా తమ్ముడికి కావాల్సినవే వేరే టెక్నీషియన్లకి కూడా కావాలి కదా.

ఒకటి అడగాలి, స్పేర్ పార్ట్స్ మొదట్లో ఎన్ని రకాలు పెట్టుకోవాలి? వాడు చెప్పిన లిస్ట్ మొత్తం కొంటే మేం అనుకున్న డబ్బులో మూడో వంతు అక్కడే అయిపోతుంది.

చిల్లరలెక్క:

మొత్తం కొనొద్దు బ్రదర్. తమ్ముడు పోయిన ఆరు నెలల్లో ఏ పార్ట్ ఎన్నిసార్లు మార్చాడో గుర్తున్నంతవరకు రాయమనండి. రన్ కెపాసిటర్లు, డ్రెయిన్ పంపులు, థర్మోస్టాట్లు, డోర్ గాస్కెట్లు, బెల్టులు లాంటివి పైన వస్తాయి, అందులో ఎక్కువసార్లు వాడినవి, ధర తక్కువవి మాత్రమే ఇంట్లో పెట్టుకోండి. కంప్రెసర్, పీసీబీ బోర్డు (మెషిన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు) లాంటి ఖరీదైనవి ఒక్కటి కూడా ముందు కొని పెట్టొద్దు, మోడల్ మారితే పనికిరాదు, బోర్డులైతే రిటర్న్ కూడా తీసుకోరు చాలామంది. అవి కస్టమర్ అడ్వాన్స్ ఇచ్చాకే తెప్పించాలి. హోల్‌సేల్ వాడితో ఒకమాట అనుకోండి, మూడు నెలలు కదలని పార్ట్‌ని వేరే దాంతో మార్చుకునేలా, మీరు ఆ లైన్‌లో మాట్లాడటం తెలిసినవాళ్ళే కాబట్టి ఒప్పుకుంటాడు. వ్యాపారానికి బ్యాంక్ అకౌంట్ వేరేది తెరవండి, ఇంటి ఖర్చు దాంట్లోంచి తీయకుండా మీ ఇద్దరికీ రాసుకున్న రేటు మాత్రమే నెలకోసారి తీసుకోండి. మొదటి మూడు నెలల లెక్క వచ్చాక ఇక్కడే పెట్టండి, రిపేర్‌కి సగటున ఎంత వచ్చింది, మళ్ళీ ఫ్రీగా వెళ్ళాల్సినవి ఎన్ని, అవి చూసి స్పేర్ పార్ట్స్ షాపు సంగతి మాట్లాడుకుందాం.